గేటు రాజారాం ఆత్మకథకు తాళం పడిన వైనం

కంప్యూటర్ బాగుచేసేవాడికి ప్రతి ఇంట్లోనూ మొదట వినబడే అబద్ధం ఒకటుంది. "నేనేం ఒత్తలేదు, దానంతట అదే అయింది." పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. దానంతట అదే చెడిపోయిన కంప్యూటర్‌ను ఇంతవరకు చూడలేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి ఒత్తే ఉంటారు. ఒత్తినవాళ్లు నా పక్కనే నిలబడి, గోడమీది బల్లి వైపు చూస్తూ ఉంటారు.

బోధన్‌లో రాజారాం కాక మాత్రం ఆ అబద్ధం ఆడలేదు. ఫోన్ ఎత్తగానే, "ఎజాజ్, నేనే ఒత్తిన. గట్టిగ ఒత్తిన. జల్ది రా," అన్నాడు. నిజం చెప్పే కస్టమర్ దొరకడం అరుదు. రాజారాం కాక నిజం చెప్పడం అంతకన్నా అరుదు. అందుకే ఆయన గురించి రాయాలనిపించింది.

ఆయనకు డెబ్బై నిండుతున్నాయి. బోధన్‌లో ఒక సినిమా టాకీసులో ఇరవై ఎనిమిదేళ్లు మగవాళ్ల గేటు కాపలా కాశాడు. టాకీసు ఎప్పుడో మూతబడింది, ఆ జాగాలో ఇప్పుడు సిమెంటు గోదాము ఉంది. కానీ ఊళ్లో ఆయన ఇంకా గేటు రాజారామే. చెరుకు కొట్టే కాలంలో మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు, మోస్రా, వర్ని వైపు నుంచి ఎడ్లబండ్ల మీద దిగిన రైతులు, అందరూ ఆయన చేతికి టికెట్ ఇచ్చి, సగం ముక్క తీసుకుని లోపలికి పోయినవాళ్లే. తెలుగులో ఎంత బాగా తిట్టేవాడో మరాఠీలోనూ అంత బాగా తిట్టేవాడు. టికెట్ లేనివాణ్ని నడక చూసి పట్టేసేవాడట. అలవాటు ఎక్కడికి పోతుంది? ఇప్పటికీ పెళ్లిళ్లలో భోజనాల తలుపు పక్కన నిలబడి, వచ్చేవాళ్ల ముఖాల వైపు కాకుండా చేతుల వైపు చూస్తాడు.

ఆయన భార్య శంకరమ్మ చిన్నమ్మ అదే టాకీసులో ఆడవాళ్ల గేటు చూసేది. ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చునేది. జనం వచ్చినప్పుడు టికెట్లు చింపేది, జనం లేనప్పుడు బీడీలు చుట్టేది. ఇద్దరూ మొగుడూ పెళ్లాలే అయినా డ్యూటీలో ఒకరి గేటు జోలికి ఒకరు పోయేవాళ్లు కాదు. ఇంట్లో కూడా దాదాపు అంతే. ముందు గది ఆయనది, వెనక గది ఆమెది, మధ్యలో కంప్యూటర్.

ఆ కంప్యూటర్ ఇచ్చింది వాళ్ల బిడ్డ స్నేహలత. నిజామాబాద్‌లో టీచరు. తాను కొత్తది కొనుక్కున్నప్పుడు పాతదాన్ని తెచ్చి ఇక్కడ పెట్టింది. పెట్టి, ముందు తల్లికి నేర్పింది. తండ్రిని పిలిస్తే, "ఇరువై ఎనిమిదేండ్లు అంత పెద్ద తెర ముందల ఉన్నోన్ని, గీ చిన్న తెర నాకేం నేర్పుతది" అన్నాడట. ఏడాది తిరక్కముందే ఆత్మకథ రాయాలన్న కోరిక పుట్టింది. అప్పుడు ఆ చిన్న తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుని, శంకరమ్మ దగ్గరే టైపు నేర్చుకున్నాడు. ఈ సంగతి ఆత్మకథలో లేదు. "స్వయంకృషితో కంప్యూటర్ నేర్చుకున్నాను" అని ఉంది.

డెబ్బయ్యో పుట్టినరోజుకు ఆ ఆత్మకథను చిన్న పుస్తకంగా అచ్చువేయించి, వచ్చినవాళ్లందరికీ పంచుదామని స్నేహలత అనుకుంది. నిజామాబాద్‌లో నాగేందర్ అనే ప్రెస్సు ఆయనతో మాట్లాడింది కూడా. ఇక కాకకు కాలు నేల మీద నిలవలేదు. రోజూ పొద్దున స్నానం చేసి, కడిగిన చొక్కా వేసుకుని, ఒక్క వేలితో జీవితం రాయసాగాడు.

అప్పుడు మొదలైంది తంటా. పొద్దున రాసింది మరునాడు మారిపోతోంది.

నన్ను మొదటిసారి పిలిచింది అందుకే. పోగానే తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఎవడో నా ఫైల్ల సొర్రవడ్తుండు బేటా. వైరసో, హైదరాబాద్ దొంగలో."

"ఏమేం మారినయి కాకా?"

నోటుబుక్కు తీసి చదివాడు. ఆయన "ఆరడుగుల మనిషిని" అని రాస్తే, తెల్లవారేసరికి "ఐదడుగుల నాలుగంగుళాల మనిషిని" అయింది. "జీవితంలో పొగ తాగలేదు" అని రాస్తే "ఇంట్లో తాగలేదు" అయింది. "పెళ్లికి గుర్రం మీద వచ్చాను" అని రాస్తే "సైకిల్ మీద వచ్చాను, నడిమిట్లో గాలి పోయింది, మామగారు ఎదురొచ్చి తోసుకొచ్చారు" అయింది.

"కాకా, మీ పెళ్లి సైకిల్ గాలి పోయిన సంగతి వైరస్‌కు ఎట్ల తెలుస్తది?"

ఆయన చూపూ నా చూపూ ఒకేసారి వంటింటి వైపు మళ్లాయి. లోపల పోపు చిటపటలాడుతోంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను పట్టడానికి ఈశ్వరుడు అక్కర్లేదు. కంప్యూటర్ తెరిస్తే కనబడే పేరు ఒక్కటే, శంకరమ్మ. బిడ్డ పెట్టిపోయిన పేరు అది. ఆ ఒక్క పేరు మీదే ఇద్దరూ లోపలికి పోతున్నారు. ఆయన పొద్దున రాస్తున్నాడు, ఆయన పడుకున్నాక మధ్యాహ్నం ఆమె దిద్దుతోంది.

"పర్మిషన్ ఎవలకు ఎంత ఉన్నదో సూడు. నాకు మొత్తం ఉంచు. ఆమెకు సదువుకునుడు వరకే. రాసుడు బంద్," అన్నాడు కాక. అని, పాల ప్యాకెట్ కోసం బజారుకు పోయాడు.

ఆయన సందు తిరగ్గానే చిన్నమ్మ చాయ్ తెచ్చింది. కప్పు చేతికిచ్చి పోలేదు. తలుపుకు ఆనుకుని నిలబడింది.

"నన్ను బయట పెడ్తున్నవా ఎజాజ్?"

"కాక పిలిచిండు చిన్నమ్మా. ఆయన చెప్పింది చెయ్యాలె గదా."

"సైకిల్ ముచ్చట గుర్రం చేసుకోనియ్. ఆరడుగులు కాకపోతే ఏడడుగులు రాసుకోనియ్. నేను నవ్వులాటకు దిద్దిన. గా ఒక్క పేజీ మాత్రం వదల."

ఆ ఒక్క పేజీ సంగతి అప్పుడు చెప్పింది. ముప్పై ఐదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆటలో తెర పక్కన వైరు కాలి, హాలంతా పొగ నిండింది. ఆడవాళ్లు ఆమె గేటులోంచి బయటపడ్డారు. మగవాళ్ల గేటు తెరుచుకోలేదు. లోపల నాలుగు వందల మంది. ఆమె తన గేటు వదిలి, హాలు చుట్టూ పరుగెత్తి పోయి మగవాళ్ల గేటు తెరిచింది. ఒక్క ప్రాణం పోలేదు. మరునాడు టాకీసు యజమాని రాజారామును పిలిచి, దండ వేసి, చేతి గడియారం ఇచ్చాడు. ఆ గేటు ఆయనది కదా మరి. ఆయన తల వంచి దండ వేయించుకున్నాడు.

"అప్పుడే చెప్పకపోయిన్రా?"

"చెప్తే ఆయన నౌకరి పోతుండె. గేట్ కాడ లేడని తెలుస్తుండె."

"ఏడున్నడు మరి?"

"గా ముచ్చట ఆయననే అడుగు." చిన్నమ్మ ఖాళీ కప్పు తీసుకుంది. "నోటి మాట గాలికి పోతది బిడ్డా, ఇన్నేండ్లు పోనిచ్చిన. అచ్చుల పడ్డది ఉండిపోతది. నేను జిందగీల బీడీలు చుట్టిన, టికెట్లు చింపిన. సెప్పుకునే పని ఒక్కటే చేసిన. గది గూడ నా మనుమరాండ్లు వాళ్ల తాత పేరు మీద సదువుతరు."

ఈ పనిలో ఇదే నాకు నచ్చనిది. తాళం వేయించుకునేవాడు ఒకడు, తాళం బయట మిగిలేవాడు ఇంకొకడు, నడుమ చెడ్డపేరు తాళంవాడికి.

మాది తాళాలవాళ్ల ఇల్లే. మా అబ్బా హస్సాన్, బోధన్ బస్టాండు పక్కన చెట్టంత తాళంచెవుల గుత్తి వేలాడదీసి, ముందర ఆకురాళ్లు పరుచుకుని కూర్చునేవాడు. నేను ఇనుప తాళాలు వదిలి కంప్యూటర్ తాళాలు పట్టాను. పని మారింది కానీ జనం మారలేదు. ఏర్గట్లలో ఒక పసుపు రైతు పాస్‌వర్డును గోడ మీద రాసి, పైన దేవుడి పటం వేలాడదీశాడు. దొంగలకు భక్తి ఉండదు, పటం ఎత్తరని ఆయన ధీమా. అబ్బా నాకు నేర్పినవి రెండే ముక్కలు. ఇంటి మనిషి ఇంట్లో ఉండగా తాళం పగలగొట్టవద్దు, వాళ్ల చేతితోనే తీయించు. తీయించాక ముఖం పక్కకు తిప్పుకో, లోపల ఏమున్నదో నీకు అక్కర్లేదు.

కాబట్టి చెప్పిన పని చేశాను. రాజారాం పేరు మీద కొత్త ఖాతా తెరిచాను. ఆత్మకథ ఫైలు మీద ఆయనకు పూర్తి పర్మిషన్, శంకరమ్మకు చదివే పర్మిషన్ మాత్రమే. ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు. ప్రతి ఫైలుకూ ఓనర్ అని ఒక పేరు ఉంటుంది. మొదట ఎవరి ఖాతాలో ఆ ఫైలు పుట్టిందో వాళ్ల పేరు. ఓనర్‌కు చదివే పర్మిషన్ తీసేసినా, రాసే పర్మిషన్ తీసేసినా, వాళ్లు వచ్చి ఆ పర్మిషన్లను తిరిగి మార్చుకోగలరు. ఇంట్లోంచి వెళ్లగొట్టినా ఇంటి కాగితం వాళ్ల పేరు మీదే ఉన్నట్టు. ఈ ఫైలుకు ఓనర్ శంకరమ్మ. మార్చమని కాక అడగలేదు, ఉందని నేను చెప్పలేదు. ఇది మోసమంటారా? తాళంవాడి కొడుకుగా నేను దాన్ని మర్యాద అంటాను.

ఇంతలో తిరిగొచ్చిన కాక, నేను ఏ గడి తెరిచాను, ఎక్కడ ఒత్తాను అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాడు. కస్టమర్ రాసుకోవడం మొదలుపెడితే నాకు భయం. సగం తెలిసినవాడే కంప్యూటర్‌కు అసలు వైరసు.

రెండు వారాలు గడిచాయి. తర్వాత వచ్చిందే ఆ ఫోన్, గట్టిగా ఒత్తిన ఫోన్.

నేను పోయేసరికి మధ్యాహ్నం రెండున్నర. నాగేందర్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడట. నాలుగింటికల్లా ఫైలు రాకపోతే మిషన్ మీదికి పెళ్లి కార్డులు ఎక్కుతాయి, పుట్టినరోజుకు పుస్తకం ఉండదు. కాక బనీను మీద తిరుగుతున్నాడు. చిన్నమ్మ వెనక వసారాలో బీడీలు చుడుతోంది. నాలుగు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు.

"ఏం ఒత్తిన్రు కాకా?"

"నువ్వు తాళం ఏసి పోయినంక గూడ పేజీ మారింది."

ఎందుకు మారిందో తెలుసుకోవడానికి నాకు ఒక్క ప్రశ్న సరిపోయింది. పడుకునే ముందు తన ఖాతా మూసి పడుకుంటున్నాడా? లేదు. రాసి రాసి అట్లాగే వదిలి, పక్క మంచం మీద గుర్రుపెడుతున్నాడు. ఆమె వచ్చి ఆయన పేరు మీదే కూర్చుని దిద్దిపోతోంది. ఆ సంగతి ఆయనకు తోచలేదు. తాళమే బలంగా లేదనుకున్నాడు.

"నీ తాళం కచ్చాది అనుకున్న. గందుకే మా గేట్ పద్ధతి పెట్టిన," అన్నాడు.

"గేట్ పద్ధతంటే?"

"గేట్ కాడ ముందుగాల ఏం చేస్తం? బంద్ చేస్తం. అందరు బయట. అటెంక టికెట్ ఉన్నోన్ని ఒక్కొక్కన్ని లోపలికి ఇడుస్తం. గట్లనే చేసిన. ముందుగాల అందరికి బంద్. అటెంక రాజారాంకు మాత్రం ఖుల్లా."

చూస్తే ఆయన చెప్పినట్టే ఉంది. పర్మిషన్ల పట్టీలో "ఎవ్రీవన్" అని అందరినీ కలిపే పేరు చేర్చి, దాని ఎదురుగా వద్దనే డినై గడులన్నీ టిక్కు కొట్టాడు. కింద రాజారాం పేరు ఎదురుగా సరేననే అలౌ గడులు టిక్కు పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లు గేటు కాసినవాడికి తప్ప ఇంకెవరికీ ఇంత క్రమశిక్షణ ఉండదు. గేటు దగ్గరైతే అది భేషైన పద్ధతి. కంప్యూటర్ అట్లా కాదు. ఒకే మనిషికి ఒకచోట వద్దని, ఇంకోచోట సరేనని ఉంటే, అది వద్దన్న మాటే వింటుంది. పెళ్లి సంబంధం దగ్గర పది మంది సరేనన్నా మేనత్త ఒక్కతి వద్దంటే ఆగిపోయినట్టు.

"ఒత్తేముందు ఏదో అడిగి ఉంటది కదా?"

"అడిగింది. నిజంగ చేస్తవా అన్నట్టు ఏదో అడిగింది. నన్నే అడుగుతదా అని యెస్ కొట్టిన."

"అందర్ల మీరు గూడ వచ్చిన్రు కాకా."

"నేనెట్ల వస్త? నేను గేట్ కీపర్ గదా."

"కంప్యూటర్‌కు గేట్ కీపర్ గూడ ఒక మనిషే."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తెర మీద ఫైలు పేరు కనబడుతోంది. ఒత్తితే మాత్రం పర్మిషన్ లేదంటోంది. ఇరవై ఎనిమిదేళ్లు ఎంతమందికి ఆ మాట చెప్పాడో పాపం, మొదటిసారి తానే విన్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఆపుకోవడానికి కీబోర్డు తిరగేసి దులిపాను.

"ఇప్పుడెట్ల?"

"రెండు తొవ్వలున్నయి. ఓనర్ వచ్చి గా బంద్ గుర్తులు తీసేస్తే అయిపోతది. లేకపోతే ఓనర్ పేరే మార్చి తాళం పలగ్గొట్టాలె."

"ఓనర్ నేనే గదా. తీసేయి."

నేను ఓనర్ అన్న వరుస తెరిచి చూపించాను. అందులో ఆయన పేరు లేదు. కాక కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివాడు. శంకరమ్మ.

"నా జిందగీకి ఆమె ఓనర్ ఎట్లయితది?"

"మీ జిందగీకి కాదు కాకా, ఫైల్‌కు."

"రెండొకటే. పలగ్గొట్టు."

"ఇంటి మనిషి ఇంట్ల ఉండంగ పలగ్గొట్టం. మా అబ్బా నేర్పిన పద్ధతి."

"మీ అబ్బకు ఎన్ని సినిమాలు టికెట్ లేక సూపెట్టిన్నో ఎర్కేనా నీకు?"

"ఎర్కే. గందుకే మీ ఇంట్ల తాళం పలగ్గొడ్తలేను."

ఆయన నన్ను గుర్రుగా చూశాడు. గడియారం చూశాడు. మూడు దాటింది. ఫోన్ మళ్లీ మోగింది, నాగేందర్. కాక ఎత్తలేదు. గొంతు సవరించుకుని గోడతో మాట్లాడినట్టు అన్నాడు. "ఎజాజ్, ఆమెను రమ్మని చెప్పు."

ఆమె పది అడుగుల దూరంలో ఉంది. అంతా వింటూనే ఉంది. అయినా నేను లేచిపోయి, "చిన్నమ్మా, కాక రమ్మంటుండు" అన్నాను.

"చేతిల కట్ట అయిపోనీ, వస్తనని చెప్పు."

నేను తిరిగొచ్చి, "కట్ట అయినంక వస్తదట" అన్నాను. ముగ్గురం ఒకే ఇంట్లో ఉండి కబుర్లు నేను మోశాను. నా పదహారేళ్ల అనుభవానికి ఇంతటి ఉపయోగం ఎన్నడూ కలగలేదు.

చిన్నమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చింది. కాక కుర్చీ వదిలి, కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూడసాగాడు. ఆమె తన పేరు మీద లోపలికి పోయింది. ఎక్కడ ఒత్తాలో నేను చెబుతూ పోయాను, ఒత్తింది మాత్రం ఆమె. ఎవ్రీవన్ పక్కన గుర్తులు ఒక్కొక్కటీ తీసేసింది. తన పేరు పక్కన రాసే పర్మిషన్ గడి కూడా టిక్కు పెట్టింది. అది నేను చెప్పలేదు. నేర్చుకున్న మనిషి కదా, తనకే తెలిసింది.

ఫైలు తెరుచుకుంది. ఆమె నేరుగా ఆ పేజీకి పోయింది. తాళం వేసే ముందు కాక చివరిసారి దిద్దిన రూపంలో ఉంది పేజీ. "హాలంతా పొగ కమ్ముకుంది. నేను ఒక్క ఉదుటున గేటు తెరిచాను. నాలుగు వందల ప్రాణాలు నిలిచాయి."

ఇక నా పని అయిపోయింది. అబ్బా చెప్పినట్టు ముఖం తిప్పుకుని, గోడమీది క్యాలెండర్‌లో తిథులు చదవడం మొదలుపెట్టాను. మూడు ముక్కలు మార్చడానికి ఆమెకు రెండు నిమిషాలు చాలు. కానీ కీబోర్డు చప్పుడు వినబడలేదు. కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది.

"ఇగ కూసో," అంది చిన్నమ్మ. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట.

"నేనా?"

"నీ పుస్తకమే గదా. దిద్ది దిద్ది నాకు యాష్టకొచ్చింది. ఏం జరిగిందో నీకు తెల్వదా, నేను చెప్పాల్నా?"

కాక వచ్చి కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇరువై ఎనిమిదేండ్లు గా గేట్ కాడ నిలబడ్డ శంకరీ. సెప్పుకునే ముచ్చట ఒక్కటే అయింది. గది గూడ నేను నిద్రపోయినప్పుడే అయింది."

నేను తిథుల్లో ఏకాదశి దగ్గర ఆగిపోయాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మీద మొదటిసారి జాలి కలిగింది.

అప్పుడు చప్పుడు మొదలైంది, ఒక్క వేలి చప్పుడు. అబ్బా నన్ను క్షమించాలి, ముఖం ఇటు తిప్పి చూశాను. పాత మాటలు చెరిపేసి కాక రాస్తున్నాడు. "ఆ మధ్యాహ్నం నేను గేటు దగ్గర లేను. బాల్కనీ మెట్ల కింద పడుకుని నిద్రపోయాను. గేటు తెరిచింది నా భార్య శంకరమ్మ."

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లు అడగకుండా అడిగింది దొరికింది. ఇక సేవ్ కొట్టి నాగేందర్‌కు పంపడమే మిగిలిందనుకుని నేను లేచాను. కాక వేలు ఆగలేదు. ఇంకో వాక్యం రాశాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, మూడుసార్లు తప్పులు చెరుపుకుంటూ రాశాడు.

"టికెట్ లేనివాళ్లు దూరకుండా, నేను హాయిగా పడుకోవడానికి, ఆ గేటుకు బయటినుంచి గొలుసు వేసి తాళం పెట్టింది నేనే. ఆమె ఇనుప స్టూలుతో కొండీ విరగ్గొట్టి తెరిచింది."

ఆ గొలుసు సంగతి ఆయన రాసిన కథలో ఎక్కడా లేదు. చిన్నమ్మ ఎన్నిసార్లు దిద్దినా ఆమె దిద్దుబాటులోనూ లేదు. ఆ రోజు నాకు చాయ్ ఇచ్చి చెప్పినప్పుడు కూడా గేటు తెరుచుకోలేదని అన్నదే తప్ప, ఎందుకు తెరుచుకోలేదో అనలేదు.

"గది తీసెయ్," అంది ఆమె.

"తియ్య."

"నేను దిద్దినప్పుడల్ల గొలుసు ముచ్చట పక్కకు పెట్టిన. నీ కోసమే పెట్టిన. ఎందుకు పెట్టిన్నో తెల్వదా?"

"తెల్సు. నువ్వు దిద్దినప్పుడల్ల ముందుగాల గదే దేవులాడేటోన్ని. ఈసారి రాసిందేమోనని. ఒక్కసారి గూడ రాయలే నువ్వు." ఆయన తెర మీది గొలుసు వాక్యాన్ని వేలితో చూపించాడు. "గా భయానికే తాళం ఏయించిన. గుర్రానికి కాదు, సైకిల్‌కు కాదు."

"పుట్టినరోజు పూట నలుగురి ముందల గిదేంటిది? మనుమరాండ్లు సదువుతరు. తీసెయ్ అంటున్న."

"సదవనీ."

ఆమె చేయి మౌస్ వైపు పోయింది. ఆయన మౌస్ మీద అరచేయి అడ్డం పెట్టాడు. నెల రోజులుగా ఈ ఇంట్లో ఆయన పెంచుకుంటుంటే ఆమె కోస్తూ వచ్చింది. ఇప్పుడు ఆయన తగ్గించుకుంటుంటే ఆమె ఒప్పుకోవడం లేదు. డెబ్బై ఏళ్ల మనిషి, అరవై ఐదేళ్ల మనిషి, ఇద్దరి చేతుల కింద మౌసు నలిగిపోతోంది. మూడూ యాభై అయింది.

"ఎజాజ్," అన్నాడు కాక నా వైపు చూడకుండా. "గిది పంపు. పంపి బంద్ చెయ్. ఇగ ఎవలు మార్చద్దు."

"మీకు గూడ రాసే పర్మిషన్ తీసెయ్యాల్నా కాకా?"

"ముందుగాల నాదే తియ్యి."

ఫైలు నాగేందర్‌కు పంపాను. అందిందని ఆయన చెప్పాక, పర్మిషన్ల పట్టీ తెరిచాను. రాజారాం పేరు ఎదురుగా చదవడం ఒక్కటే ఉంచాను. శంకరమ్మ పేరు ఎదురుగానూ చదవడం ఒక్కటే ఉంచాను. కస్టమర్‌కు అన్నీ చెప్పి పోవాలి కాబట్టి, ఈసారి దాచకుండా చెప్పాను. ఎంత బంద్ చేసినా చిన్నమ్మ ఓనర్, తలుచుకుంటే ఇందాక తెరిచినట్టే ఎప్పుడైనా తెరిచి ఆ గొలుసు మాట తీసేయగలదు.

కాక తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆమె ఆ పేజీని ఇంకోసారి మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివి, కుర్చీ మీద ఆరేసిన ఆయన చొక్కా తీసి ఆయన భుజం మీద వేసింది.

"ఎట్ల తెరిచిన్నో మర్సిపోయిన," అంది.